ఎక్కడి నుంచి కొలుస్తాం?
ఎ. లలిత చదువు కథ మళ్లీ చదువుకుంటూ

పోయిన సంక్రాంతికి విడవలూరు వెళ్లినప్పుడు మా అక్క కూతురు వరండాలో చాప మీద కూచుని లెక్కలు చేసుకుంటోంది. నెల్లూరు దగ్గర ఒక కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. నెట్‌వర్క్ అనాలిసిస్ పేపరు ఒకసారి తప్పింది, మళ్లీ రాయాలి. అందుకే పండగ పూట కూడా ఆ పుస్తకం వదల్లేదు. పక్కనే చిక్కుడు కాయలు ఒలుస్తున్న మా అమ్మ, "కరెంటు చదువు ఆడబిడ్డకి ఎందుకు మా? కంప్యూటర్లు తీసుకోమంటే యినిందా?" అని నాతో ఫిర్యాదు చేసింది. ఇంతలో కరెంటు పోయింది. దూరంగా రొయ్యల గుంటల దగ్గర జనరేటర్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి.

ఆ పిల్ల పుస్తకం నా ఒళ్లో పెట్టి, "పిన్నీ, నువ్వు ఆడవాళ్ల పేర్లు వెతుకుతుంటావు గదా, దీంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పు" అంది. నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. తెలుగు స్త్రీల స్వీయచరిత్రలు నా విషయం. ఏ పుస్తకం తెరిచినా ముందు చివరి పేజీల్లో పేర్ల పట్టిక చూడటం అలవాటు. ఓమ్, కిర్కాఫ్, థెవెనిన్, నార్టన్, మిల్‌మన్, టెల్లెజెన్. ఒక్క ఆడపేరు లేదు. మా పిల్ల నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

ముందు ఆ సబ్జెక్టు ఏమిటో ఆమె నాకు చెప్పిన మాటల్లోనే చెబుతాను. తీగలు కలిసే చోటుని నోడ్ అంటారు. అక్కడికి ఎంత కరెంటు వచ్చి చేరితే అంతా బయటికి పోవాలి. మధ్యలో మిగలదు, మాయం కాదు. ఇది కిర్కాఫ్ మొదటి సూత్రం. సర్క్యూట్‌లో ఏ చోటి నుంచైనా బయలుదేరి చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తే, దారిలో పెరిగిన వోల్టేజి, తగ్గిన వోల్టేజి సరిసమానం కావాలి. ఇది రెండోది. 1845లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల గుస్తావ్ కిర్కాఫ్ ఈ రెండూ చెప్పాడు. ఎంత పెద్ద నెట్‌వర్క్ అయినా, అది గుంట దగ్గర మోటారుది కావచ్చు, రాష్ట్రం మొత్తానికి కరెంటు తెచ్చే లైన్లు కావచ్చు, లెక్క ఈ రెండు సూత్రాలతోనే మొదలవుతుంది.

నోడల్ పద్ధతిలో లెక్క చేయాలంటే ముందు ఒక నోడ్‌ను ఎంచుకుని దాని వోల్టేజి సున్నా అనుకోవాలట. మిగతావన్నీ దాని నుంచి కొలుస్తారు. దాన్ని రిఫరెన్స్ నోడ్ అంటారు. "ఏది ఎంచుకోవాలి?" అని అడిగాను. "ఏదైనా ఫర్వాలేదు పిన్నీ. అది మారిస్తే ఒక్కో నోడ్ దగ్గర రాసే అంకె మారుతుంది. రెండు నోడ్‌ల మధ్య తేడా మారదు, ఏ తీగలో ఎంత పోతోందో అదీ మారదు" అంది. చరిత్ర రాయడం గురించి క్లాసుల్లో మేం గంటలు గంటలు మాట్లాడుకున్న విషయమే ఇది. జరిగినవి మారవు. ఎక్కడ నిలబడి కొలుస్తున్నామో దాన్ని బట్టి ఎవరు ఎంత ఎత్తులో కనిపిస్తారన్నది మారుతుంది.

మన దేశంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన మొదటి స్త్రీ తెలుగు స్త్రీయే. లలిత అనగానే మన పాఠకులకు "మనకు తెలియని మన చరిత్ర" (1986) తెచ్చిన బృందంలోని కె. లలిత గుర్తొస్తారు. ఈమె అంతకు ముందు తరం లలిత. అయ్యలసోమయాజుల లలిత. 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఐదో సంతానం. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఆ ఇంట్లో కొడుకులు ఇంజనీర్లయ్యారు. కూతుళ్లకు కొద్దిపాటి చదువు, ఆ వెంటనే పెళ్లి. లలితకు 15 ఏళ్లకు పెళ్లయింది. 18 ఏళ్లకు భర్త పోయాడు. అప్పటికి చంటిపాపకు నాలుగు నెలలు.

ఆ కాలపు బ్రాహ్మణ ఇళ్లలో ఆ వయసు వితంతువు బతుకు ఎలా ఉండేదో మన పాత కథలూ, స్వీయచరిత్రలూ చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. లలిత పుట్టింటికి వచ్చారు. చదువుకుని తన కాళ్ల మీద తను నిలబడాలనుకున్నారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో పాసయ్యారు. ఆ తరవాత ఏం చదవాలి? ఆ రోజుల్లో పై చదువుకు వెళ్లిన ఆడపిల్లలకు వైద్యం తెలిసిన దారి. లలిత దాన్ని కాదనుకున్నారు. డాక్టరుకి వేళాపాళా ఉండదు, అర్ధరాత్రి పిలిచినా వెళ్లాలి, ఇంట్లో చిన్నపిల్ల ఉంది. ఇంజనీరయితే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఇదీ ఆమె లెక్క.

ఈ సంగతి మనం ఆగి ఆలోచించాలి. "తొలి మహిళా ఇంజనీర్" అని రాసే వ్యాసాల్లో సాహసం, ప్రతిభ, తండ్రి ఉదారత ఎప్పుడూ కనిపిస్తాయి. అసలు ఇంజనీరింగ్ ఎందుకు ఎంచుకున్నారంటే, పిల్లను చూసుకోవడానికి కుదిరే ఉద్యోగం కావాలి కనుక. మగవాళ్లకు మాత్రమే అనుకున్న చదువులోకి ఆమెను తీసుకెళ్లిన కారణాల్లో తల్లితనం ఒకటి. మామూలుగా తల్లితనాన్ని చదువుకి అడ్డంకిగానే చెబుతారు. ఇక్కడ అదే దారి చూపించింది.

1794లో సర్వే స్కూలుగా మొదలైన గిండీ కాలేజీలో అప్పటిదాకా ఒక్క ఆడపిల్లా చదవలేదు. సుబ్బారావు ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టరు ఆర్.ఎం. స్టాథమ్ ఒప్పుకున్నారు. 1940లో లలిత చేరారు. వందలమంది మగపిల్లల మధ్య ఒక్క అమ్మాయి. హాస్టల్లో ఆమెకు విడిగా బస ఏర్పాటు చేశారు. వారాంతాల్లో ఇంటికి వచ్చి పాపను చూసుకునేవారు. తోటి విద్యార్థులు ఇబ్బంది పెట్టలేదని, అయినా ఒంటరితనం మాత్రం బాధించిందని కూతురు తరవాతి కాలంలో చెప్పిన జ్ఞాపకాల వల్ల తెలుస్తోంది. అప్పుడు జరిగిన పనే ఈ కథలో నాకు ఎక్కువ నచ్చింది. ఆడపిల్లలను కూడా చేర్చుకుంటామని కాలేజీవాళ్లు ప్రకటించారు. మరుసటి ఏడాది లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఒకామె లోపలికి వచ్చిందని తలుపు దానంతటదే తెరిచి ఉండిపోదు. ఆమె ఒంటరితనాన్ని ఎవరో పట్టించుకోబట్టి మరో ఇద్దరు రాగలిగారు.

రెండో ప్రపంచ యుద్ధం వల్ల చివరి సంవత్సరం కొన్ని నెలలు తగ్గించడంతో ముగ్గురూ కలిసే బయటికి వచ్చారు. 1943 అది. పట్టా కాగితాల మీద "అతడు" అని అచ్చై ఉంది. ఇంగ్లీషులో ఆ మాట కొట్టేసి, పైన "ఆమె" అని చేత్తో రాసి ఇచ్చారు. లలిత గురించి రాసినవాళ్లంతా ఈ కొట్టివేత గురించి రాస్తారు. నిజమే, మరిచిపోలేని బొమ్మ. కాకపోతే అదొక్కటే చెప్పి ఆగితే, అడ్డంకి అంతా ఒక కాగితం మీద ఉన్నట్టూ, ఒక కలంపోటుతో తొలిగిపోయినట్టూ అనిపిస్తుంది.

ఆ మద్రాసే ఆ కాలంలో ఇతర తెలుగు స్త్రీల చదువులకూ వేదిక. దుర్గాబాయి 1937లో అక్కడ ఆంధ్ర మహిళాసభ పెట్టి, తనూ చదువుకుంటూ 1942లో లా పట్టా తీసుకున్నారు. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే. పొణకా కనకమ్మ 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం పెట్టి ఆడపిల్లలను బడికి రప్పించడానికి పడిన పాట్లు ఆమె స్వీయచరిత్ర "కనకపుష్యరాగం"లో ఉన్నాయి. మద్రాసు మాకు ఒక్క రైలు దూరం. అయినా గిండీ ఎంత దూరమో లెక్క వేయాలంటే కులాన్ని, వర్గాన్ని కలుపుకోవాలి. ఇప్పుడు విడవలూరు మండలంలో ఉన్న అలగానిపాడులో 1930లలో పుచ్చలపల్లి సుందరయ్య వ్యవసాయ కూలీలను కూడగట్టారు. ఆ కూలీల్లో వరినాట్లు వేసే ఆడవాళ్లూ ఉంటారు. వాళ్లకు వితంతువైనా మూల గదిలో కూచునే తీరిక లేదు, మర్నాడు మడిలోకి దిగాల్సిందే. వాళ్ల పిల్లలకు గిండీ సంగతి అలా ఉంచి, ఊరి బడే అందలేదు. లలితకు కులం తెచ్చిపెట్టిన శిక్ష ఉంది, అదే కులం ఇచ్చిన ప్రొఫెసరు తండ్రీ ఉన్నాడు. రెండూ ఒకే తీగ మీద వచ్చాయి. ఈ సంగతి దాచి ఆమెను ఆదర్శంగా చూపిస్తే ఆమెకూ న్యాయం చేసినట్టు కాదు.

ఇక మా పిల్ల పుస్తకంలో లేని పేర్లు. లలిత పట్టా తీసుకున్న 1943లోనే అమెరికాలో "సర్క్యూట్ అనాలిసిస్ ఆఫ్ ఎ.సి. పవర్ సిస్టమ్స్" మొదటి సంపుటం అచ్చయింది. రాసింది ఈడిత్ క్లార్క్ అనే స్త్రీ. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. 1919లో, లలిత పుట్టిన ఏడాదే, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా తీసుకున్న మొదటి స్త్రీ అయ్యారు. అంత చదివినా ఇంజనీరు ఉద్యోగం దొరకలేదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో లెక్కలు కట్టే ఆడవాళ్ల మీద అజమాయిషీ పని ఇచ్చారు. కంప్యూటర్ అంటే ఆ రోజుల్లో యంత్రం కాదు, కూచుని లెక్కలు కట్టే మనిషి. తరచూ ఆడమనిషి. క్లార్క్ ఆ పని వదిలి 1921లో టర్కీ వెళ్లి ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పారు. మరుసటి ఏడు తిరిగి వచ్చాకే అదే కంపెనీలో ఇంజనీరుగా తీసుకున్నారు. వందల మైళ్ల లైన్లలో కరెంటు ఎలా ప్రవహిస్తుందో తేల్చే కష్టమైన సమీకరణాలను గీతల మీద చూసి చెప్పగలిగే సాధనం ఆమె తయారుచేశారు. దానికి 1925లో పేటెంటు వచ్చింది. 1947లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు.

ఇది చెబుతుంటే మా పిల్ల మధ్యలో ఆపింది. "క్లార్క్ ట్రాన్స్‌ఫర్మేషన్ అని పై సెమిస్టర్లో ఉంది, ఆ క్లార్కేనా?" అంది. ఆ క్లార్కే. అంటే పేరు లేకపోలేదు. ఇంటిపేరు ఒక్కటే మిగిలింది, అది చదివిన ప్రతివాళ్లూ మగవాడనుకుంటున్నారు. ఇక్కడ కొట్టివేత కూడా అవసరం పడలేదు.

వీళ్లిద్దరి కన్నా ముందు హెర్తా ఎయిర్టన్ ఉన్నారు. ఎలక్ట్రిక్ ఆర్క్ మీద పరిశోధన చేసి 1899లో లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ. 1902లో రాయల్ సొసైటీ ఫెలోగా ఆమె పేరు ప్రతిపాదిస్తే, వివాహితకు చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదని తోసిపుచ్చారు. భర్త ఉన్నాడు కాబట్టి ఆమె మనిషిగా లెక్కకు రాలేదు. భర్త లేడు కాబట్టి లలిత మనిషిగా లెక్కకు రాకుండా పోవలసింది. రెండు దేశాల పితృస్వామ్యం రెండు వైపుల నుంచి వచ్చి ఒకే చోట కలిసింది. ఎయిర్టన్ చేరిన ఆ లండన్ సంస్థలోనే లలిత 1953లో అసోసియేట్ సభ్యురాలు, 1966లో పూర్తి సభ్యురాలు అయ్యారు.

చదువయ్యాక లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది శిక్షణ పొందారు. సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో పనిచేశారు. కొన్ని నెలలు తండ్రి పరిశోధనల్లో సాయపడ్డారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే ఉన్నారు. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైను, సబ్‌స్టేషన్ల అమరిక, లైన్లను ప్రమాదాల నుంచి కాపాడే పరికరాల ఎంపిక ఆమె పని. భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలోనూ ఆమె చేయి ఉంది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1964 జూన్‌లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్లారు. నూటయాభై ఏళ్ల కిందటైతే తనను భర్త చితి మీదే కాల్చేసేవాళ్లని ఆమె అక్కడివాళ్లతో అన్నట్టు నమోదైంది. 1977లో రిటైరయ్యారు. రెండేళ్లకే, 1979లో, అరవై ఏళ్ల వయసులో మరణించారు.

ఇదంతా తండ్రిని రిఫరెన్స్ నోడ్‌గా పెట్టుకుని కొలిచిన కథ. సుబ్బారావు గారి పాత్రను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. భండారు అచ్చమాంబకు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఉన్నట్టే ఈమెకు తండ్రి ఉన్నాడు. మన స్త్రీల చదువుల కథలన్నిటిలో ఇలా ఒక సంస్కారవంతుడైన మగవాడు తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. ఆ తలుపు లోపల ఏం జరిగింది? హాస్టల్లో లలిత ఎ.సి. సర్క్యూట్లు చదువుకున్న రాత్రుల్లో ఆ పసిపిల్లకు అన్నం ఎవరు పెట్టారు, జ్వరం వస్తే ఎవరు మేలుకున్నారు? కలకత్తా ఉద్యోగం ఒప్పుకోవడానికి ఒక కారణం అక్కడ సోదరుడు ఉండటం. ఆ ఇంటి ఆడవాళ్ల చేతుల్లో పిల్ల పెరిగింది. నేను చదివిన కథనాల్లో ప్రిన్సిపాల్ పేరుంది, డైరెక్టరు పేరుంది, ఇంగ్లీషు కంపెనీ పేరుంది. పిల్లను పెంచినవాళ్లు మాత్రం వరసలతోనే కనిపిస్తారు. ఒక నోడ్‌లోకి వచ్చే కరెంటంతా లెక్క రాసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక తీగను మాత్రం రాయకపోతే ఆ లెక్క తప్పు. మా పిల్లకు మార్కులు పోయేది అక్కడే.

ఈ మాట అంటూ నా థీసిస్ తీసి చూసుకున్నాను. కృతజ్ఞతల పేజీలో గైడుకి ఒక పేరా, లైబ్రరీలకు ఒక పేరా. చివర "సహకరించిన కుటుంబ సభ్యులకు" అని ఒక్క ముక్క. నేను ఊళ్లు తిరిగి స్వీయచరిత్రలు వెతుక్కుంటున్న రెండేళ్లూ నా కొడుకు విడవలూరులో మా అమ్మ దగ్గర పెరిగాడు. మోకాళ్ల నొప్పులతో వాణ్ణి చంకనేసుకుని బాలవాడికి దించి వచ్చిన మనిషి పేరు నా మూడు వందల పేజీల్లో ఎక్కడా లేదు. ఆడవాళ్ల పేర్లు చెరిగిపోవడం గురించే ఆ మూడు వందల పేజీలు.

అందుకని "కరెంటు చదువు ఆడబిడ్డకి ఎందుకు మా?" అన్న అమ్మ మాటని ఇప్పుడు వేరుగా వింటున్నాను. దాంట్లో వెనకబాటుతనం ఉంది, లేదనను. దాంతోపాటు, రేపు ఈ పిల్ల ఏ సబ్‌స్టేషన్‌లోనో రాత్రి డ్యూటీ చేస్తే వెనక ఇల్లు ఎవరి మీద పడుతుందో తెలిసిన మనిషి ఆందోళన కూడా ఉంది. లలిత వైద్యం వద్దనుకున్నప్పుడు వేసిన లెక్కే ఇది. మగపిల్లవాడు ఎలక్ట్రికల్ తీసుకుంటే ఎవరూ ఈ లెక్క వేయరు.

కాగితాలు మారలేదా అంటే, మారాయి. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో అమ్మాయిలకు మూడో వంతు సీట్లు ఉన్నాయి. అయినా 2019లో తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాల ప్రకటన ఆడవాళ్లు అర్హులు కారంది. బబ్బూరి శిరీష తదితరులు హైకోర్టుకు వెళ్లారు. 2020 డిసెంబరులో స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గారు. శిరీష చేతికి ఉద్యోగం కాగితం 2022లో వచ్చింది. 1943లో పట్టా మీద చేత్తో దిద్దిన మాటని దాదాపు ఎనభై ఏళ్ల తరవాత కోర్టుకెళ్లి మళ్లీ దిద్దించుకోవాల్సి వచ్చింది. ఉద్యోగం పేరు మాత్రం ఇంకా లైన్‌మనే.

పండగ వెళ్లాక మా పిల్ల కాలేజీకి పోయింది. పరీక్ష ఎలా రాసిందో ఫలితాలు వస్తే తెలుస్తుంది. నేను మా అమ్మను కూచోబెట్టి ఆ రెండేళ్ల గురించి అడగడం మొదలుపెట్టాను. ముందు "దాంట్లో చెప్పేదేముంది మా" అంది. తరవాత మూడు సాయంత్రాలు చెప్పింది. రికార్డు చేసి పెట్టుకున్నాను. థీసిస్ పుస్తకంగా వేసేటప్పుడు మొదటి పేజీలో ఆమె పేరు ఇంటిపేరుతో సహా ఉంటుంది. చదువుకున్న ప్రతి ఆడదాని వెనకా ఇలాంటి పేరు ఒకటో రెండో ఉంటాయి. ఆ మనుషులు మన మధ్య ఉండగానే అడిగి రాసుకుందాం.